పాదానికి రాస్తే పొట్టలోకి

కుక్క పాదానికి ఏది రాసినా దానికి తినడానికి పెట్టినట్టే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, అరికాలి మెత్తలకు రాసే పా బామ్ వాడకంలో సగం జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి.

మా ఇంట్లో కుక్క టామీకి బామ్ రాసే పని నాది. ఎండాకాలం వచ్చిందంటే దాని అరికాలి మెత్తలు గరుకెక్కి, అంచుల్లో సన్నటి పగుళ్లు పడతాయి. చూసిన చుట్టాలు తలా ఒక సలహా పారేస్తారు. మడమల పగుళ్ల క్రీమ్ రాయమంటారొకరు. వాటిలో కొన్నింటిలో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, అది కుక్క పొట్టలోకి పోకూడదు. తలనొప్పి బామ్ తెచ్చి చేతిలో పెడతారు ఇంకొకరు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మనకు నొప్పి బామ్ అంటే అంత గురి! కానీ ఈ రకం బామ్‌లలో ఉండే కర్పూరం, మెంథాల్, వింటర్‌గ్రీన్ నూనె మన నుదుటికి హాయిగా ఉన్నా, నాకి మింగే కుక్కకు ప్రమాదం. టీ ట్రీ ఆయిల్, జింక్ ఆక్సైడ్ కలిసినవీ వద్దు. తేనెమైనం, కొబ్బరినూనె, షియా బటర్‌లాంటి వాటితో చేసి, సువాసన కలపనిది చాలు. ఏమేం కలిపారో లేబుల్ మీద రాయని డబ్బా జోలికి నేను పోను.

రాత్రి తిండి అయ్యాక గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుస్తాను. తడి మీద రాస్తే ఫంగస్‌కు చోటిచ్చినట్టే. పనిలో పనిగా పిడుదు పట్టిందా, ముల్లు దిగిందా అని చూస్తాను. బఠానీ గింజంత బామ్ వేళ్ల మధ్య కరిగించి, మెత్తల మీద మాత్రమే పల్చగా రుద్దుతాను. జిడ్డు తేలిందంటే ఎక్కువైందన్నమాట. ఇంకే వరకూ పొట్ట నిమురుతూ పడుకోబెడతాను. లేస్తే నాకుతుంది, లేదా టైల్స్ మీద జారుతుంది. కొత్త డబ్బా అయితే ముందు ఒక్క మెత్తకే రాసి, ఒక రోజు ఆగుతాను. రోజూ మాత్రం రాయను. మెత్తలు కాస్త మొరటుగా ఉంటేనే నేల మీద నిలుస్తాయి.

బామ్ రాశాం కదా అని మిట్టమధ్యాహ్నం తారురోడ్డెక్కించే వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. చలిదేశాల్లో మంచుకీ, రోడ్ల మీద చల్లే ఉప్పుకీ అది పనికొస్తుందేమో గానీ, బెజవాడ మే నెల ఎండకు అది చెప్పు కాదు. అరచేతి వెనుకభాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే నడక సాయంత్రానికి వాయిదా వేయాల్సిందే. కాలు కాలితే బామ్ కాదు, చల్లటి నీళ్లు పోయాలి, డాక్టరుకు చూపించాలి.

పగుళ్లు ఎంతకీ మానకపోయినా, కుక్క అదేపనిగా పాదం నాకుతున్నా కారణం వేరే ఉండొచ్చు. అలర్జీ కావచ్చు, ఫంగస్ కావచ్చు. డిస్టెంపర్ వ్యాధి సోకినా మెత్తలు గట్టిపడతాయి. బామ్ పూతతో పైకి నునుపు తేలుతుంది, లోపల రోగం ముదురుతుంది. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున పాదాలకు ఏమీ రాయకండి. వాడుతున్న డబ్బా మాత్రం వెంట తీసుకెళ్లండి.