కావాలని వదిలిన తప్పు

జాంగో పుట్టింది పత్రికాఫీసులో. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో ఓ దినపత్రికకు వెబ్‌సైట్లు కట్టే ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విలిసన్ 2003లో మొదలుపెట్టిన ఆ వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2005 జులైలో ఓపెన్ సోర్స్‌గా అందరి చేతికీ వచ్చింది. పత్రికాఫీసు అలవాటు దాని డాక్యుమెంటేషన్‌లో ఇంకా ఉందని నాకనిపిస్తుంది. చదివేవాడు ఏ వాక్యం దగ్గర విసుగొచ్చి లేచిపోతాడో తెలిసిన రాత అది.

మొత్తం సరుకును నాలుగుగా విడదీశారు: చెయ్యి పట్టుకుని నడిపించే ట్యుటోరియల్స్, ఒక్కో విషయాన్ని విడమరిచే వ్యాసాలు, వెతికి చూసుకునే రిఫరెన్స్, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే గైడ్లు. ఈ విభజన ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. అసలు పనితనమంతా మొదటి ట్యుటోరియల్‌లో ఉంది.

అందులో కట్టించేది చిన్న పోల్ యాప్: ఒక ప్రశ్న, దాని కింద కొన్ని జవాబులు, ఒక ఓటు బటన్. రెండో భాగంలో మొదటి ప్రశ్నను డేటాబేస్‌లో పెట్టి, తిరిగి అడిగి చూస్తే తెరమీద ‘క్వశ్చన్ ఆబ్జెక్ట్ (1)’ అని వస్తుంది. ఇదేం జవాబు అని మనం మొహం చిట్లించాకే, దాన్ని మనిషి చదివేలా మార్చే రెండు వరుసల కోడ్ రాయిస్తారు. మందు కంటే ముందు నొప్పి చూపించడమన్నమాట. మూడో భాగంలో శ్రమపడి రాసిన వ్యూలను, అంటే పేజీలను తయారుచేసి ఇచ్చే ఫంక్షన్లను, నాలుగో భాగంలో మన చేతే తీసేయించి, వాటి స్థానంలో రెడీమేడ్ జెనరిక్ వ్యూలు పెట్టిస్తారు. ఆ సుఖం మొదటే చెప్పి ఉంటే లోపల ఏం జరుగుతోందో మనకు ఎప్పటికీ పట్టేది కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఐదో భాగం. ప్రశ్న ఈమధ్యే ప్రచురితమైందా అని చూసే చిన్న మెథడ్ ఒకటి రెండో భాగంలోనే రాయించారు. అందులో తప్పుంది. రేపటి తేదీ వేసిన ప్రశ్నను కూడా ‘ఈమధ్యే వచ్చింది’ అంటుంది. మూడు భాగాలపాటు ఎవరూ నోరు మెదపరు. ఆటోమేటెడ్ టెస్టుల పాఠం రాగానే, అదృష్టం కొద్దీ మన దగ్గర ఒక బగ్ ఉందంటూ దాన్ని బయటికి తీస్తారు. టెస్టు రాయిస్తారు, అది ఫెయిలవుతుంది. కోడ్ దిద్దిస్తారు, పాసవుతుంది. టెస్టులు ఎందుకు రాయాలో ఎన్ని పేజీలు చెప్పినా ఇంత గట్టిగా నాటదు. (చివర చేర్చిన ఎనిమిదో భాగం, బయటి ప్యాకేజీల గురించినది, నాకు కాస్త అతుకులాగే ఉంటుంది.)

వాడేవాళ్లకే కాదు, జాంగో కోడ్‌లోనే చెయ్యి పెట్టాలనుకునేవాళ్లకూ వేరే ట్యుటోరియల్ ఉంది. మొదట్లో దాన్ని ఎప్పుడో పరిష్కారమైపోయిన నిజమైన టికెట్ (చేయాల్సిన మార్పును నమోదు చేసే చీటీ) చుట్టూ అల్లారు. దానికోసం కొత్తవాడు కోడ్‌ను పాత స్థితికి వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చేది. తర్వాత ఆ వాస్తవికతను వదులుకుని 99999 నంబరుతో ఉత్తుత్తి టికెట్ పెట్టారు. పని: ‘టోస్ట్’ అనే మాటను తిరిగిచ్చే ఫంక్షన్ రాయడం. ఎందుకూ పనికిరాని ఆ ఫంక్షనే ఇక్కడ సరైన ఎంపిక. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు కాబట్టి దృష్టంతా దారిమీదే ఉంటుంది: కోడ్‌ను ఫోర్క్ చేసుకోవడం, ఏదీ ముట్టుకోకముందే టెస్టులన్నీ నడిపి చూసుకోవడం, ముందు టెస్టు తర్వాత కోడ్ ఆ తర్వాత డాక్యుమెంటేషన్ రాయడం, జాంగో పద్ధతిలో కమిట్ సందేశం కూర్చడం. పుల్ రిక్వెస్ట్ బటన్ దాకా తీసుకెళ్లి, ఇప్పుడు మాత్రం నొక్కవద్దంటారు. నొక్కాల్సిన రోజు కోసం, కొత్తవాళ్లకు తేలికగా ఉండేవని గుర్తుపెట్టిన అసలు టికెట్ల దారి చూపిస్తారు.