మిగతా మూడు గళ్లు

బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే పని చెడుతుందని మా ఇంట్లో ఇప్పటికీ నమ్మకం. సాక్ష్యాలకు కొదవ లేదు. ఫలానా పెళ్లిచూపులు, ఫలానా ఇంటర్వ్యూ అంటూ ఏకరువు పెడతారు. నేను వాదనకు దిగను, కాగితం మీద నాలుగు గళ్లు గీస్తాను. 'తుమ్మారు, చెడింది' అన్న గడి చిటికెలో నిండుతుంది. తుమ్మినా పని అయిన రోజులు, తుమ్మకపోయినా చెడిన రోజులు, ఏ తుమ్మూ లేకుండా సాఫీగా జరిగిన రోజులు ఎవరికీ గుర్తుండవు. ఒక్క గడి చూసి సంబంధం తేల్చలేం.

స్టాటిస్టిక్స్‌లో ఈ గళ్ల పట్టికను కంటింజెన్సీ టేబుల్ అంటారు. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన పట్టిక నాకు భలే ఇష్టం. లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న 649 మంది మగవాళ్లలో 647 మంది పొగతాగేవాళ్లు. ఇంకేం, తేలిపోయిందిగా అనిపిస్తుంది. తీరా ఆ క్యాన్సర్ లేని మరో 649 మంది రోగులను చూస్తే, వాళ్లలోనూ 622 మంది పొగరాయుళ్లే!

అసలు గుట్టు చిన్న అంకెల్లో ఉంది. పొగతాగనివాళ్లు అటు 2, ఇటు 27, మొత్తం 29. పొగకూ జబ్బుకూ సంబంధమే లేకపోతే వీళ్లు రెండు వైపులా సగం సగం, అంటే 14.5 చొప్పున ఉండాలి. ప్రతి గడిలో ఉన్నదానికీ ఉండాల్సినదానికీ తేడా తీసి, వర్గం చేసి, ఉండాల్సినదానితో భాగించి, నాలుగూ కూడితే దాదాపు 22 వస్తుంది. 1900లో కార్ల్ పియర్సన్ చూపిన కై స్క్వేర్ లెక్క ఇదే. నాలుగు గళ్ల పట్టికలో ఇది 3.84 దాటితేనే, ఏదో కాకతాళీయంలే అని కొట్టిపారేయడానికి మామూలుగా వెనకాడతాం. ఇక్కడ ఏకంగా 22!

అయినా పట్టిక సంబంధం ఉందని చెబుతుందే తప్ప, ఎందుకుందో చెప్పదు. అందుకే వాళ్లిద్దరూ 1951 నుంచి బ్రిటన్ డాక్టర్ల పొగ అలవాట్లు అడిగి రాసుకుని, ఎవరికి ఏమవుతుందో ఏళ్ల తరబడి గమనించారు. డాల్ మాత్రం తన విషయంలో అంతదాకా ఆగలేదు. మొదటి అధ్యయనం నడుస్తుండగానే సిగరెట్ మానేశారు.