ముందు పెదవిని చూడాలి

"నాకు ఫిక్స్‌డ్ పళ్లే కావాలి డాక్టరు గారూ, తీసి పెట్టుకునే సెట్టు మాత్రం వద్దు." పోయిన వారం వచ్చిన ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చోకముందే అన్న మాట ఇది. పన్నెండేళ్లుగా పైపళ్ల సెట్టు వాడుతున్నారు. ఇప్పుడు కొడుకు ఇంప్లాంట్లు వేయిస్తానంటున్నాడు.

నేనేమీ చెప్పకుండా సెట్టు తీయమని, చేతికి అద్దం ఇచ్చాను. పైపెదవి లోపలికి పడిపోయింది. ముక్కు కిందంతా ముడతలు. సెట్టు పెట్టుకోగానే పెదవి మళ్లీ నిండింది. "మీ పెదవిని నిలబెడుతున్నది పళ్లొక్కటే కాదమ్మా, వాటి పైనున్న ఈ గులాబీ రంగు అంచు కూడా" అన్నాను.

పళ్లు పోయాక పైదవడ ఎముక పైకీ లోపలికీ అరిగిపోతుంది. తీసి పెట్టుకునే సెట్టయితే ఆ లోటును అంచు పూడుస్తుంది. ఫిక్స్‌డ్ పళ్లకు అంత అంచు పెట్టకూడదు, పెడితే దాని కిందికి బ్రష్ వెళ్లదు. అన్నం మెతుకు ఇరుక్కుంటే చిగురు వాస్తుంది, ఇంప్లాంటు చుట్టూ ఎముక పోతుంది. ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో బిగుసుకుపోయి ఉండడమూ గమనించాను.

తీసి పెట్టుకునే సెట్టునూ ఇంప్లాంట్ల మీద నిలపొచ్చు. కిందిదవడకు రెండు ఇంప్లాంట్లున్నా అది కదలకుండా నిలుస్తుంది. పైన ఎముక మెత్తన, వెనకాల సైనస్ గది. అందుకే కనీసం నాలుగు కావాలి. ఆ నాలుగూ దూరదూరంగా పడితే సెట్టులో అంగిలిని కప్పే భాగాన్ని తీసేయొచ్చు. మన భాషకు ఇది చిన్న సంగతి కాదు. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక మడతపడి అంగిలిని తాకాలి. అక్కడ ప్లాస్టిక్ పలక అడ్డుంటే గోడ, వీణ, కళ్లు అన్నీ మొద్దుబారతాయి. కాఫీ వేడి కూడా సరిగా తెలియదు.

ఫిక్స్‌డ్‌ను తక్కువ చేయడం లేదు. పోర్చుగల్ డాక్టరు పాలో మాలో వెనక ఇంప్లాంట్లను ఏటవాలుగా దించి, సైనస్‌ను తప్పించి, నాలుగింటి మీదే పూర్తి వరస నిలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. పెదవికి ఆసరా అక్కర్లేనివాళ్లకు, రోజూ అడుగున శుభ్రం చేసుకోగలవాళ్లకు నేనూ అదే చెబుతాను. అందులో టైటానియం మీద అక్రిలిక్ పళ్లయితే అరుగుతాయి, ఒకటి ఊడినా అతికించుకోవచ్చు. జిర్కోనియా గట్టిది, మరక పట్టదు, కానీ విరిగితే చాలాసార్లు మళ్లీ చేయించాల్సిందే.

మొన్న అంచు లేకుండా మైనం మీద పళ్లు పేర్చి ఆవిడకు పెట్టి చూపించాను. వారాల పేర్లు చెప్పమన్నాను. సోమవారం, శనివారం దగ్గర గాలి ఈల వేసింది. పళ్లు సర్దితే అది పోతుంది, పెదవి మాత్రం నిండదు. పక్కనుంచి అద్దంలో చాలాసేపు చూసుకుని, "అంచున్నదే చేయండి బాబూ" అన్నారు. క్లిప్పులతో పట్టుకునే సెట్టు, నాలుగు ఇంప్లాంట్లు, అంగిలి ఖాళీ.

మీ ఇంట్లో ఎవరైనా ఇంప్లాంట్లకు సిద్ధమవుతుంటే, అంచు ఉన్నవీ లేనివీ రెండూ ముందే పెట్టి చూపించమని డాక్టరును అడగండి. ఫిక్స్‌డ్ పళ్లకూ చిగురుకూ మధ్య అతుకు నవ్వులో కనబడకుండా ఉండాలని ఒక్కోసారి ఎముకను చెక్కుతారు. చెక్కిన ఎముక తిరిగి రాదు.