గీత ఎక్కడ గీయాలో తెలిసిన పని

లివర్ సిరోసిస్ ఉన్న మనిషి ఏళ్లతరబడి తన పనులు తాను చేసుకుంటూ ఉండొచ్చు. ఉన్నట్టుండి కామెర్లు ముదిరి, మగత కమ్మి, మూత్రం తగ్గిపోయి, వారాల్లోనే పరిస్థితి చేయి దాటిపోతుంది. సిరోసిస్ ముదిరితే అంతేలే అని సరిపెట్టుకునే రోజుల్లో, ఇలా ఉన్నట్టుండి విషమించడం విడిగా చూడాల్సిన జబ్బని లెక్క తేల్చి చూపింది 2013లో వెలువడిన కానొనిక్ అధ్యయనం. రిషార్ మోరో, రాజీవ్ జలాన్, విసెంటె అర్రోయోల బృందం 8 ఐరోపా దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో 1,343 మంది రోగులను గమనించింది.

ఆ పని వరస చూడండి. 28 రోజుల్లో నూటికి 15 మందికన్నా ఎక్కువ మరణించే స్థితినే ఈ జబ్బు అనాలని వాళ్లు ముందే గీత గీసుకున్నారు. ఏయే అవయవాలు దెబ్బతింటే రోగి ఆ గీత దాటుతున్నాడో ఆ తర్వాత వెతికారు. కిడ్నీలు విఫలమై రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) 2కు చేరితే అదొక్కటే చాలు. లివర్ ఒక్కటే విఫలమైతే మాత్రం చాలదు. దానికి తోడు క్రియాటినిన్ 1.5కైనా చేరాలి, లేదా మగతైనా కనిపించాలి. లివర్ జబ్బుకు నిర్వచనం రాస్తూ లివర్‌కే అగ్రతాంబూలం ఇవ్వకపోవడానికి ఎంత నిజాయితీ కావాలి! ఫలితం కూడా అంత స్పష్టంగానే వచ్చింది. చేరేనాటికే ఈ జబ్బున్నవారిలో 28 రోజుల్లో 33.9 శాతం మంది మరణించారు. అది అసలు రానివారిలో 1.9 శాతమే.

ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో రేగే మంట) జాడ కూడా ఈ అధ్యయనంలోనే దొరికింది. జబ్బు తీవ్రత పెరిగేకొద్దీ తెల్ల రక్తకణాలూ పెరిగాయి. అంతకుముందు పొట్టలో నీరు వంటి ఇబ్బందులేవీ రానివారిలో ఆ కణాలు మరీ ఎక్కువ, మరణాలూ ఎక్కువే. ఎవరూ ఊహించని సంగతి అది. దాన్ని పక్కన పెట్టకుండా తమ పరిశోధన వ్యాసం ముందుభాగంలోనే చెప్పారు. ఈ ఇన్‌ఫ్లమేషన్‌కు చెప్పే వివరణ ఇది: సిరోసిస్‌లో పేగు గోడ బలహీనపడి బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారతాయి. రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి, రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, కిడ్నీలకు రక్తం చాలదు. చచ్చిన లివర్ కణాల వ్యర్థాలు ఆ మంటను ఇంకా ఎగదోస్తాయి. 2016లో జొవాన్ క్లారియా బృందం 522 మంది రోగుల రక్తంలో సైటోకైన్లను (రోగనిరోధక కణాల సంకేత ప్రోటీన్లను) కొలిచి ఈ చిత్రాన్ని బలపరిచింది.

ఢిల్లీకి చెందిన శివ్ కుమార్ సరీన్ ముందుండి నడిపిన, ఇదే జబ్బుకు ఆసియా-పసిఫిక్ నిపుణులు ఇచ్చిన నిర్వచనం మాత్రం లివర్ వైఫల్యంతోనే మొదలవుతుంది. రెండింట్లో ఏది సరైందన్న చర్చ ఇంకా ముగియలేదు.

ఇంట్లో సిరోసిస్ రోగి ఉంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, మాట తేడాగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.