తూచవలసినది గ్రంథమునే



క్రొత్త పుస్తకము ఒకటి అచ్చయినప్పుడు దానినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుమని మన యౌవనస్థులను అడుగుచుందుము. వచ్చెడి వ్రాతలు చాలవరకు రెండు విధములుగా నుండును. "గ్రంథకర్తగారు మనవారు, భక్తిపరులు, పుస్తకము మిక్కిలి బాగున్నది, ప్రతి యింటను ఉండదగినది" అనునది ఒక విధము. "అచ్చుతప్పులు మెండు, భాష కఠినము, వెల యెక్కువ" అనునది రెండవ విధము. మొదటిది పొగడ్త, రెండవది తప్పులెన్నుట. ఈ రెంటిలో ఏదియు విమర్శ కాదు. కూలిడబ్బులో మిగిల్చిన రూపాయలతో పుస్తకమును కొనవలెనా మానవలెనా అని చూచుకొను చదువరికి ఈ రెంటివలనను మేలు లేదు.

విమర్శకుడు సాక్షి వంటివాడు. తాను చూచినదానిని చెప్పవలెను. చూచితినని రుజువు చూపవలెను. వాది ఎవరో ప్రతివాది ఎవరో చూచి సాక్ష్యము మార్చువాడు ఎంత చక్కగా మాటలాడినను అబద్ధసాక్షియే.

దీనిని ఒక గ్రంథమును చేతబట్టుకొని విచారింతము. గుర్రం జాషువాగారి "గబ్బిలము" మనలో అనేకులకు పేరైన తెలిసిన కావ్యము. ఆయన 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. ఈ కావ్యపు మొదటి భాగము 1941లో వెలువడెను. దీనిని గూర్చి వ్రాయగోరువాడు మొదట ఏమి చేయవలెను?

మొదటిది, గ్రంథములో ఉన్నదేదో ఉన్నట్టు చెప్పవలెను. చెప్పులు కుట్టియు పొలములో కష్టపడియు బ్రతుకు ఒక పేదవాడు ఆకలితో తన గుడిసెలో కూర్చుండియుండగా, రాత్రివేళ ఒక గబ్బిలము లోపలికి వచ్చును. అంటరానివాడని లోకము వెలివేసిన ఆ మనుష్యుడు తన గోడును కైలాసమందలి శివునికి చెప్పుమని ఆ గబ్బిలమును వేడుకొనును. దారియందు కనబడు స్థలములను దానికి వివరించును. కథ ఇంతే. ఇంతమాత్రము తప్పులేక చెప్పుట సులభమని తోచును గాని, అనేక విమర్శలు ఇక్కడనే జారిపడును. పుస్తకము సగము చదివి వ్రాసినవాడు ఈ మెట్టునొద్దనే పట్టుబడును.

రెండవది, గ్రంథకర్త ఏమి చేయ తలపెట్టెనో కనుగొనవలెను. దీనికి ఆ జాతి గ్రంథములను ప్రక్కన పెట్టి చూచుట మంచి ఉపాయము. కాళిదాసు "మేఘదూతము"లో ఒక యక్షుడు ఏడాదికాలము వెలివేయబడి, భార్యను ఎడబాసి, ఆమెకు మేఘముచేత కబురంపును. జాషువాగారు ఆ పాత అచ్చును తీసికొని అందులో క్రొత్త లోహము పోసిరి. అక్కడ విరహము, ఇక్కడ ఆకలి. అక్కడి వెలి ఒక్క యేడాదితో తీరును. ఇక్కడి వెలి పుట్టుకతో వచ్చి తరతరములు నిలుచును. మేఘమును చూచి లోకమంతయు సంతోషించును; గబ్బిలము ఇల్లు చొచ్చిన అపశకునమని తరిమివేయుదురు. ఇంత నీచముగా ఎంచబడు ఆ ప్రాణియైనను గుడిలోనికి పోగలదు, స్వామి చెవికి దగ్గరగా వ్రేలాడగలదు. ఈ మనుష్యుడు మాత్రము గడప దాటరాదు. పూజారి లేని సమయము చూచి తన మాట చెప్పుమని అతడు గబ్బిలమును కోరుటలో కావ్యమంతటి బరువును ఉన్నది. దూతగా గబ్బిలమునే ఏల ఎన్నుకొనెనని అడిగినవానికే ఈ సంగతి దొరకును. మంచి ప్రశ్న విమర్శకుని పనిలో సగము.

మూడవది, లోపమని తోచినదానిని దాచక చెప్పవలెను. చెప్పుటకు ముందు దానిని పరీక్షింపవలెను. గబ్బిలము దారినిగూర్చిన వర్ణన దీర్ఘమైనది. ఊళ్లును చరిత్రస్థలములును వరుసగా వచ్చుచుండగా పేదవాని ఆకలి కొంతసేపు మన కన్నులకు మరుగగును. ఇది లోపమేయని నా తలంపు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె పెద్దది. చదువులేని పేదవాడు ఇంత ప్రౌఢమైన పద్యములలో మాటలాడునా? ఎవరి పక్షమున వ్రాసెనో వారికే ఆ భాష అందకపోదా? ఈ ప్రశ్న న్యాయమైనదే గాని, జవాబు వినక తీర్పు చెప్పరాదు. ఏ ఛందస్సు ఇతనిది కాదని లోకము గిరిగీసెనో ఆ ఛందస్సులోనే ఇతనిచేత మాటలాడించుట కవి వేసిన వ్యాజ్యము. పామర భాషలో వ్రాసియుండినచో జాలి పుట్టునేమో గాని, సమానత్వము రుజువు కాకపోయెడిది. మరియు పద్యము పల్లెవారికి అందదనుట నిజము కాదు. హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో నటులు పాడుచు వచ్చిన జాషువాగారి శ్మశానవాటి పద్యములను అక్షరము రానివారు సహితము కంఠతా పట్టి పాడిరి. కాబట్టి భాష కఠినమను తీర్పును కొట్టివేయుచున్నాను. దారి దీర్ఘమను తీర్పును నిలుపుచున్నాను. ఒకే గ్రంథముపై రెండు తీర్పులు చెప్పుట తప్పుకాదు.

ఇక అసలైన సంగతి. ఈ కవి విషయములో అనేకులు గ్రంథమును తూచక మనుష్యుని తూచిరి. వినుకొండలో ఒక అవధాన సభయందు ఆయన పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందరు అవమానపరచిరి. ఆ పద్యము బాగున్నదా లేదా అని వారు చూడలేదు. మన వైపును అంత నిర్దోషమైనది కాదు. క్రైస్తవుడైయుండి హిందూ దేవతలను పేర్కొని వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలు కొందరు ఆయనను నిరసించిరని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. "గబ్బిలము" శివునికి పంపిన విన్నపమే గదా! అయితే కావ్యములో మాటలాడువాడు కవి కాడు, ఆ పేదవాడు. మూయబడినది గుడి తలుపు. ఆ తలుపును గూర్చిన ఫిర్యాదు ఆ గుడి దేవునికే పోవలెను. వేరొక చోటికి పంపినయెడల కథయే నిలువదు. మాటలాడుచున్న వాడెవడు, ఎవనితో మాటలాడుచున్నాడు అను రెండు ప్రశ్నలు అడిగియుండిన ఈ నింద పుట్టకపోవును.

ఆయనను సరిగా తూచినవారును లేకపోలేదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు మహాపండితులు, అగ్రవర్ణమువారు. ఆయన తన చేతులతోనే జాషువాగారి పాదమునకు గండపెండేరము తొడిగెను. పద్యమును విని పద్యమునకే విలువ కట్టుట అనగా అది.

నేడు మనకు వేరొక శోధన కలదు. జాషువాగారి "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. మనవాడు వ్రాసెను, మన ప్రభువును గూర్చి వ్రాసెను, బహుమానము వచ్చెను గనుక గొప్పదని చెప్పి ఊరకుండుట సులభము. కాని "మనవాడు గనుక మంచిది" అనుమాటయు "మనవాడు కాడు గనుక చెడ్డది" అనుమాటయు ఒక తల్లి బిడ్డలే. విషయము పరిశుద్ధమైనంత మాత్రమున పద్యము మంచిదగునా? కాదు. దానిని కూడ విప్పి చదివి, ఏ ఘట్టము మనస్సును కదలించెనో, ఏది కేవలము కథ చెప్పుటగా మిగిలెనో చూపినప్పుడే ఆ కవిని గౌరవించినవారమగుదుము.

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో "కవిత్వతత్త్వ విచారము" ప్రచురించినప్పుడు ఈ మార్గమునే చూపిరి. పింగళి సూరనను ఎంతో మెచ్చుకొని, ఆ మెచ్చుకొన్న కవియందే లోపములను కూడ ఎత్తి చూపిరి. ప్రేమించినవానియందు లోపము చూడగలుగుటయు, గిట్టనివానియందు మంచిని ఒప్పుకొనుటయు విమర్శకుని గీటురాళ్లు. చాటతో చెరుగునది గింజ కొరకే గాని పొట్టు కొరకు కాదని కూడ మరువరాదు.

ఈ నైపుణ్యము పట్టణమువారికే గాని మనకు రాదని ఎవరును అధైర్యపడవద్దు. బెరయవారు పౌలు చెప్పినదానిని సహితము లేఖనములతో సరిచూచుకొనిరి. అందుకు వారు నిందింపబడలేదు, ఘనులని పేరొందిరి. అపొస్తలుని మాటనే పరీక్షింపవచ్చునైతే మన ఊరి గ్రంథకర్త మాటను పరీక్షించుట అమర్యాద యెట్లగును?

కాబట్టి యౌవనస్థులారా, ఈ మాసమున ఒక చిన్న పుస్తకమును తీసికొనుడి. ఒకసారి సంతోషముకొరకు, మరియొకసారి పెన్సిలు చేతబట్టుకొని చదువుడి. అందులో ఏమున్నదో అయిదు వాక్యములలో వ్రాయుడి. కర్త ఏమి తలపెట్టెనో, ఎంతవరకు నెరవేర్చెనో వ్రాసి, ప్రతి మాటకును అది ఏ పుటలోనిదో గురుతు పెట్టుడి. తరువాత గ్రంథకర్త పేరును చేతితో మూసి, మీరు వ్రాసినదానిని మరల చదువుడి. ఆ పేరు కనబడకున్నను మీ తీర్పు నిలిచినయెడల, దానిని నిర్భయముగా అచ్చుకు పంపుడి.