సారా అన్న ఒక్క మాటలో

రామంతాపూర్‌లో అద్దెకుంటున్న మా మేనల్లుడు మొన్న ఇంట్లో బీరు చేసే పద్ధతి చదివి వినిపించాడు. (చదివాడంతే. లైసెన్సు లేకుండా చేస్తే కేసవుతుంది.) హాప్స్ పూలను ఎక్కువసేపు మరిగిస్తే చేదు దిగుతుందట, చివర్లో వేస్తే వాసన నిలుస్తుందట. సీసాల్లో పోశాక రెండు మూడు వారాలు ఆగాలి. ఆగితే కరుకు చేదు మెత్తబడుతుంది. "మామా, అమ్మమ్మ మాటల్లాగే లేవూ?" అన్నాడు.

ఆ రాత్రి మనవాళ్ళ కథలు కొన్ని మళ్ళీ తిరగేశాను. పండగ, పెళ్ళి, చావు, అన్నిటా ఇప్పసారా ఉంది. అది ఎవరు కాచారో, ఎన్నాళ్ళు ఊరిందో మాత్రం ఎక్కడా లేదు. బతుకు చేదును ఇప్పసారాతో పోల్చడం మనకు అలవాటైపోయింది. మా ఇంట్లో సారా చేదెక్కిందంటే బతుకు గురించి కాదు, మంట పెట్టిన మనిషి గురించి.

వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలిన పూలు ఏరి, ఎండబెట్టి దాస్తాం. కావలసినప్పుడు కుండలో నానేస్తాం. ఎండల్లో తొందరగా పులుస్తుంది, చలిలో ఇంకొన్నాళ్ళు పడుతుంది. మా అమ్మ రోజులు లెక్కపెట్టేది కాదు. కుండకు చెవి ఆనించి చూసేది. బుడగల చప్పుడు తగ్గి, నురగ అణిగాకే పొయ్యి మీదికెక్కించేది. ముందే దించితే పస ఉండదు, మరీ ఆగితే పులుపు ముదురుతుంది. మంట ఎక్కువైతే అడుగంటి మాడు చేదు వస్తుంది. ఇంత తీర్పు ఉన్న పని మన కథల్లోకి ఎందుకు రాలేదు?

నాకు తోచిన కారణం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. న్యాయమైన పోరాటం, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ తర్వాత తెలుగు కథలో సారా అంటే కాంట్రాక్టరు ప్యాకెట్టే. నవసాగరం వేసి తొందరపెట్టిన గుడుంబానూ, కుండలో తన పొద్దుకు తాను పులిసిన ఇప్పపూవునూ మనం కూడా అదే మాటతో రాశాం. ఎక్సైజువాళ్ళు పంచనామాలో అలా రాయొచ్చు. మన కథకుడికి ఏమైంది?

ఇలా అంటే తాగుడును వెనకేసుకొస్తున్నానంటారు. మా నాన్న తాగి వాగు ఒడ్డున పడిపోయిన రోజులు నాకు గుర్తే. అంత బాగా కాచే అమ్మే ఒక ఏడాది, పులిసిన కుండను పెరట్లో బోర్లించి, పండక్కి తప్ప పొయ్యి ఎక్కించనంది. మన కథల్లో తాగే మగవాడున్నాడు, ఏడ్చే ఆడమనిషి ఉంది. కుండ ఎప్పుడు దించాలో, ఎప్పుడు బోర్లించాలో తెలిసిన ఆడమనిషి నాకింకా కనబడలేదు.