అద్దె నవలల దుకాణం

1960, 70 దశకాల్లో ప్రేమ నవలను తెలుగు మధ్యతరగతి ఇంటికి చేర్చింది అద్దె పుస్తకాల దుకాణం. కొంత డిపాజిట్, రోజుకు కొన్ని పైసల అద్దె. ఆ రాబడితోనే యజమాని ఇల్లు గడవాలి, పిల్లల చదువులు సాగాలి. అందుకే పుస్తకాన్ని కాపాడుకోవడమే అసలు పనితనం. పలచటి అట్ట తీసి, దబ్బనంతో పొడిచి, గట్టి దారంతో కుట్టి, మైదా జిగురుతో దళసరి అట్ట అంటించి, వెన్నుకు కాలికో గుడ్డ వేసేవారు. వారపత్రికల సీరియల్ పేజీలు చింపి వరుసగా బైండు చేసిన సంపుటాలకూ మంచి గిరాకీ. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ లాంటి నవలకైతే వంతు కోసం ఎదురుచూడాల్సిందే. ఎవరు ఏది చదివారో, ఎవరికి ఏది నచ్చుతుందో మంచి యజమానికి కంఠతా ఉండేది. పాఠకులతో సమీక్షకులకు సైతం దక్కని పరిచయం అది. టీవీ సీరియళ్లు ఇంటింటికీ వచ్చాక ఈ దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి.